తోటను తాగిన కొండ

మామిడితోట ఎండిపోతుంటే రైతు ముందు బోరును తిడతాడు. ఆ తర్వాత వానను, ఆ తర్వాత మందులకొట్టువాణ్ణి, ఎవరూ దొరక్కపోతే పెళ్లాన్ని. పెంచలయ్య ఈ వరసంతా పూర్తి చేశాడు. ఇక తిట్టడానికి ఎవరూ మిగలకపోయేసరికి చెల్లెలికి ఫోను చేశాడు.

“పాపా, నువ్వు చెట్ల డాక్టరువి గదా. ఒకతూరి వచ్చి చూసిపో. తోటంతా జరమొచ్చిన మనిషి మాదిరి వాడిపోతాండాది.”

ఇందుమతి చెట్ల డాక్టరు కాదు. వృక్షశాస్త్రంలో డాక్టరేటు చేసింది. శేషాచలం కొండల్లో కనుమరుగవుతున్న చెట్లను కాపాడే ఒక పరిశోధన కేంద్రానికి పెద్ద. ఈ రెంటికీ ఉన్న తేడాను ఆమె అన్నకు పాతికేళ్లుగా చెబుతూనే ఉంది, ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. నలభై ఐదు దాటిన మనిషిని పాపా అని పిలవొద్దని కూడా చెప్పింది. దానికైతే తల కూడా ఊపలేదు. ఆమె తిరుపతిలో చదువుకునే రోజుల్లో ప్రతి పొద్దునా పాసింజరు రైలు గార్డు చేతికి అన్నం క్యారియరు ఇచ్చి పంపిన అన్న ఆయన. ఆయన ఎలా పిలిచినా పలకాల్సిందే.

తోట కోడూరు అవతల, కొండ మొదట్లో ఉంది. అంతా బేనీషా రకం. ఆమె వెళ్లేసరికి టెంక కట్టిన కాయలు పండకుండానే ముడతలు పడి నేలంతా రాలి ఉన్నాయి. ఆకులు అరచేతులు ముడుచుకున్నట్టు లోపలికి చుట్టుకున్నాయి. డ్రిప్పు మాత్రం నడుస్తూనే ఉంది.

“పగలంతా నీళ్లు ఇడిసినా సాయంత్రానికి మన్ను పేలపిండి మాదిరి అయిపోతాండాది ఇందూ,” అంది వదిన సుబ్బరత్న. “నీళ్లు యాడికి పోతాండాయో ఆ దేవునికే తెలియాల.”

కొండవైపు చివరి సాలులో ఒక చెట్టు మొదట్లో ఇందుమతి పారతో తవ్వింది. జానెడు లోతులో పీచువేళ్లు కనిపించాయి. వాటిమీద నూలుపోగుల్లాంటి తెల్లని దారాలు అల్లుకుని ఉన్నాయి. సంచిలోంచి నీలిరంగు టార్చి తీసి, తలమీద తువ్వాలు కప్పుకుని, ఆ చీకట్లో వేళ్లమీదికి వెలుగు వేసి చూసింది. దారాలు లేతాకుపచ్చగా మెరిశాయి.

అలా మెరిసేట్టు వాటిని తయారు చేసింది ఆమే.

“ఏం తెగులు పాపా?” అన్నాడు పెంచలయ్య.

“పరీక్ష చేసి చెప్తానన్నా,” అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె అన్న ముఖం చూడలేదు.

*

తోటకు ఎగువన ఒక కోన ఉంది. ఆ కోనలో కోనతంబ అనే చెట్టు ఉంది. భూమ్మీద మరెక్కడా లేదు. మిగిలినవి కూడా ఒక చిన్న ఊరి బడిపిల్లలంత మంది, అంటే వరసగా నిలబెట్టి పేర్లు పిలవొచ్చు. అవి ఏటవాలు రాళ్లమీద ఉంటాయి. నీటి ఊట కోన అడుగున ఉంటుంది. పూర్వం వానలు పడే రోజుల్లో ఇబ్బంది లేదు. వానలు తగ్గాక తంబ పూత మానేసింది, ముసలి చెట్లు ఒక్కటొక్కటే పోతున్నాయి, వాటి కింద ఒక్క చిన్న మొక్క కనబడి ఒక తరం గడిచింది.

అడవిలో చెట్ల వేళ్లను బూజుదారాలు కలుపుతూ ఉంటాయి. ఒక చెట్టు సత్తువ కాస్త మరో చెట్టుకు చేరుతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. ఇందుమతి, ఆమె దగ్గర పనిచేసే ఫర్హానా కలిసి ఆ బూజును ప్రయోగశాలలో మార్చి రెండు కొత్త గుణాలు నేర్పారు. ఒకటి, ఏ జాతి చెట్టు వేరునైనా పట్టుకోవడం. రెండోది, తడి ఉన్నచోటి నుంచి దాహం ఉన్నచోటికి నీళ్లు మొయ్యడం. గుర్తుపట్టడానికి నీలివెలుగులో మెరిసేట్టు కూడా చేశారు. అంతకుమించి దానికి బుద్ధి లేదు. దానికి నూలుబూజు అని పేరు పెట్టి, కోనలో ఊట పక్కనున్న మద్దిచెట్ల వేళ్లకు అంటించారు. మద్ది మొదట్లో రంగునీళ్లు పోస్తే కొన్నాళ్లకు ఎగువ రాళ్లమీది తంబ ఆకుల ఈనెల్లో ఆ రంగు దిగింది. ఆ రోజు ఫర్హానా కేంద్రంలో అందరికీ సేమ్యా పాయసం పంచింది. ఇల్లలకగానే పండగ కాదని అప్పుడు ఎవరికీ గుర్తుకు రాలేదు.

జాగ్రత్తలు తీసుకోలేదని కాదు. బతికున్న వేరు అందకపోతే ఆ బూజు ఇరవై అడుగులకు మించి పాకలేదు, చచ్చిపోతుంది. కోనకూ ఊరి భూములకూ నడుమ ఫైర్‌లైను ఉంది. అడవికి నిప్పు అంటుకోకుండా గడ్డిపరక కూడా లేకుండా చెక్కి ఉంచే బాట అది. వెడల్పు ముప్పై అడుగులు పైమాటే. కాగితం మీద ఈ లెక్కలో తప్పులేదు. ఎలా చూసినా ఒకవైపు నుంచి బూజు దాన్ని దాటే వీల్లేదు.

మరి తోటలోకి ఎలా వచ్చింది? మర్నాడు ఆమె ఆ ప్రశ్నతోనే వదిన దగ్గరికి వెళ్లింది. సుబ్బరత్న వసారాలో రాలిన కాయలను పచ్చడికి ముక్కలు కొడుతోంది. వాటికి పులుపు కూడా సరిగా పట్టలేదు, అయినా కొడుతోంది.

“వదినా, అడవిలోంచి మన్ను గానీ, మొక్క గానీ ఎవురన్నా తోటలోకి తెచ్చినారా?”

“అడవి మన్ను మాకేటికి?” అంది సుబ్బరత్న. కత్తి ఆపి ఒక్క క్షణం ఆలోచించింది. “నువ్వే గదా తెచ్చింది. లిఖిత పెండ్లికి పుట్టమన్ను.”

పెళ్లికి ముందు పుట్టమన్ను తెచ్చి, పాలికల్లో పోసి, నవధాన్యాలు చల్లి మొలకెత్తించడం ఆనవాయితీ. రెండేళ్ల కిందట అన్న కూతురు లిఖిత పెళ్లికి పుట్ట కోసం ఊరంతా వెతికారు. పొలాలన్నీ జేసీబీతో చదును చేశాక ఊళ్లో పుట్టనేది లేకుండాపోయింది. “కోనలో ఉండాయి, నేను తెస్తాలే,” అని ఇందుమతే బకెట్టు నిండా తెచ్చింది. ఎండిన మన్ను, అందులో ఏ చెట్టు వేరూ లేదు, బూజు రెండు రోజుల్లో చస్తుంది అనుకుంది. ఆ మన్నులో తొమ్మిది రకాల గింజలు వేసి రోజూ నీళ్లు పోసి మొలకెత్తిస్తారనీ, మొలకకు వేరుంటుందనీ ఆమెకు తట్టలేదు. ప్రయోగశాలలో అయితే తట్టేది. పెళ్లింట్లో ఆమె శాస్త్రవేత్త కాదు, పెళ్లికూతురి మేనత్త. పాలికల్లో మొదటి నీళ్లు పోసిందీ ఆమే.

“పెండ్లయినాక పాలికలు వంకలో కలుపుదామంటే వంకలో చుక్క నీళ్లు లేవు గదా,” సుబ్బరత్న చెబుతూనే ఉంది. “పచ్చని చెట్టు మొదట్లో పోసినా దోషం లేదన్యారు పెద్దోళ్లు. బాయి కాడి మామిడికి పోసినాం. ఆ ఏడు ఆ చెట్టు ఎట్ట కాసినాదనుకున్నావ్! మీయన్న సంబరపడిపోయి, పెండ్లి మన్ను మహిమ అని, ఆ చెట్టు కింది మన్ను గంపలకెత్తి తోటంతా ఏసినాడు. కొండపక్క సాలుదాకా.”

ఆ మధ్యాహ్నమే ఇందుమతి, ఫర్హానా ఫైర్‌లైను నడిమధ్యన తవ్వి చూశారు. అడుగు లోతులో తెల్లని దారం దొరికింది. కోన నుంచి ఒక కొస, తోట నుంచి ఒక కొస. ఒకవైపు నుంచి దాటలేని బాటలో దారాలు రెండువైపులా వచ్చి సగంలో కలుసుకున్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందు కొండకు వేశారు, ఊడుతున్నది అన్న తోట.

*

“కాలవ తవ్వేద్దాం. మనిషి లోతు తవ్వితే తెగిపోతుంది,” అంది ఇందుమతి.

ఫర్హానా కోనవైపు చెయ్యి చూపించింది. అక్కడ తంబచెట్లు ఆ వేసవిలో కూడా పచ్చగా ఉన్నాయి. కొమ్మకొమ్మకూ రెక్కలున్న కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఒక తరం తర్వాత కాసిన మొదటి కాపు. కోనలో ఊట మాఘమాసంలోనే ఎండిపోయింది. మద్దిచెట్లే నాలుక చాపుతున్నాయి. అంటే ఆ కాయలు బతుకుతున్నది పెంచలయ్య బోరునీళ్లతో.

“ఇప్పుడు తెంపితే కాయలన్నీ పచ్చిగానే రాలిపోతాయి మేడమ్. చింతగింజల్లాగా డబ్బాలో దాచుకునే గింజలు కావివి. చెట్టుమీదే పండాలి, పండిన వారంలో మట్టిలో పడాలి. రెండు వారాలు ఆగితే చాలు. వచ్చే ఏటికి ఈ ముసలిచెట్లు ఉంటాయో లేదో, మళ్లీ కాస్తాయో లేదో. మీ అన్నగారికి ఇప్పుడే చెప్పాలా?”

“చెప్పకుండా ఎట్లా?”

“చెప్తే ఆయన ఆగుతాడా?”

చెప్పే ముందు ఇందుమతి మరో దారి చూసింది. తోట గట్టుమీదికి ట్యాంకర్లు తెప్పించి మామిడి మొదళ్లలో నీళ్లు పోయించింది. బూజు ఎలాగూ మోస్తుంది కదా, ఇద్దరికీ సరిపడా పోస్తే సరి అనుకుంది. ఎంత పోస్తే అంతా కొండెక్కింది. తంబ ఒక్కదానికే ఇవ్వాలని బూజుకు తెలియదు. తుమ్మ, చండ్ర, పొద, తీగ, దారం అంటుకున్నవాటిలో ఎవరికి దాహముంటే వాళ్లు తాగారు. కొండ మొత్తానికి దాహంగా ఉంది. నాలుగో ట్యాంకరు తర్వాత ఊళ్లో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. తాగడానికి లేవంటే చెట్లకు పోస్తారా అన్నారు. వాళ్ల మాటలో తప్పేం లేదు.

ఇక చెప్పక తప్పలేదు. తోటలోనే, బావి గట్టుమీద కూర్చోబెట్టి అన్నకూ వదినకూ అంతా చెప్పింది. బూజు, పుట్టమన్ను, ఫైర్‌లైను, కాయలు, ఏదీ దాచలేదు. పెంచలయ్య మొదట నవ్వాడు.

“అంటే నా బోరు నీళ్లు కొండెక్కినాయా?”

“అవునన్నా.”

“కాలవ తవ్వితే నిలుస్తాయా?”

“నిలుస్తాయి.”

“మరింకేంది! రేపే జేసీబీని పిలిపిస్తా.”

“ఫైర్‌లైను అడవిలో ఉండాది. నా అనుమతి లేనిదే తవ్వనీరు.”

“నువ్వు కాదంటావా ఏంది?” అన్నాడు పెంచలయ్య. అలా అంటుండగానే ఆయనకు చెల్లెలి ముఖం అర్థమైంది. నవ్వు ఆగిపోయింది.

“రెండు వారాలన్నా. కాయలు పండేదాకా. నేను లెక్కేసి చూసినా. కొండపక్కనుండే రెండు సాళ్లు పోతాయి, అంతే. తక్కిన తోటకు ఏమీ కాదు. ఆ రెండు సాళ్లకు నాది పూచీ.”

“చెట్టు పోయినాక పూచీ ఏం చేసుకుంటామే?” అంది సుబ్బరత్న.

“మామిడిచెట్లు లోకమంతా ఉండాయి వదినా. ఆ తంబ ఈ కోనలో తప్ప యాడా లేదు. ఇది పోతే ఇంక లేదంతే.”

ఈ మాట ఇందుమతి చాలా సభల్లో చెప్పింది. చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. బావి గట్టుమీద ఎవరూ కొట్టలేదు.

పెంచలయ్య తోటవైపు తిరిగాడు. “మామిడిచెట్లు లోకమంతా ఉండాయి, నిజమే పాపా,” అన్నాడు. “పెంచలయ్య ఎంతమంది ఉండారు?”

అయినా ఇందుమతి అనుమతి ఇవ్వలేదు. అన్నంటే ప్రాణం లేక కాదు. ఆ కాయలు రాలిపోతే తను బతికినన్నాళ్లూ ఆ కోనవైపు చూడలేనని ఆమెకు తెలుసు. అన్న కోపం మాత్రం ఎప్పటికైనా చల్లారుతుందనుకుంది. అన్నలు తిరిగొస్తారు, జాతులు తిరిగిరావు అని ఆమె తనకు తాను చెప్పుకుంది. ఆ మాటలో రెండో సగం మాత్రమే నిజం.

*

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఏడు రోళ్లతో ఆగలేదు. ఇందుమతి లెక్క మామూలు వేసవికి వేసిన లెక్క. ఎండ పెరిగేకొద్దీ కొండ దాహం పెరిగింది. మొదటి వారంలోనే పై రెండు సాళ్లూ ఎండాయి. తర్వాత మూడోది, నాలుగోది. ఎండిన చెట్టును దాటి దారం దిగువ చెట్టు నీళ్లు లాగింది. తోట పైనుంచి కిందికి, చాప చుట్టినట్టు ఎండుతూ వచ్చింది.

లిఖిత కడప నుంచి ఫోను చేసింది. “అత్తా, నా పెండ్లి మన్నువల్లనే మా నాయన తోట పోతాండాదంట గదా. మా అత్తగారు కూడా అంటాంది, నేను కాలు పెట్టినచోట ఏదీ పచ్చగుండదని.”

“నీ మన్ను కాదు తల్లీ. నేను తెచ్చిన మన్ను. నేను చేసిన బూజు. ఎవురన్నా ఏమన్నా అంటే నా పేరు చెప్పు.”

“నీ పేరు చెప్పుకోవాలని నాకు లేదత్తా,” అని లిఖిత ఫోను పెట్టేసింది.

రోజూ సాయంత్రం ఇందుమతి బైనాక్యులర్లతో కాయలు చూసేది. ఆకుపచ్చ రెక్కలు గోధుమరంగుకు తిరగాలి. ఫర్హానా ప్రతి చెట్టుకిందా వల కట్టించింది. ఆమెకు కూడా మునుపటి ఉత్సాహం లేదు. “కాలవ తవ్వేద్దామా మేడమ్?” అని ఒకరోజు ఆమే అడిగింది. తోట అప్పటికి సగం పోయింది. సగం పోయాక తవ్వితే ఆ సగం ఎందుకు పోయినట్టు? ఇలాంటి లెక్కతోనే మనుషులు మిగిలిన సగాన్నీ పోగొట్టుకుంటారు. ఇందుమతి తవ్వొద్దంది.

చివరికి ఒక మధ్యాహ్నం కొండగాలి లేచింది. కోనంతా కాయలు గిరగిరా తిరుగుతూ రాలాయి. అందరూ వలల కిందికి పరుగెత్తారు. ఏరిన కాయలను తడిగోనెలో చుట్టి కేంద్రానికి పంపుతూనే ఇందుమతి జేసీబీని పిలిపించింది. చీకటి పడకముందే ఫైర్‌లైను పొడవునా కాలవ తెగింది. పెంచలయ్య చూడడానికి రాలేదు.

మర్నాడు తోటలో డ్రిప్పు కింద మన్ను తడిగా ఉంది. నీళ్లు నిలిచాయి, తాగడానికి చెట్లు లేవు. బావి చుట్టూ పచ్చగా మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇందుమతి వాటి మొదళ్లలో మందు పోయించి బూజును చంపించింది. కోనలో కూడా దాన్ని చంపేయాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. నూలుబూజు కథ అంతటితో అయిపోయింది. ముసలి తంబచెట్లు కొన్ని ఆ వేసవిలోనే పోయాయి, కొన్ని వానలదాకా ఆగాయి.

గింజలు మాత్రం మొలిచాయి. వేసినవాటిలో చాలా మటుకు మొలిచాయి. పెద్దపెద్దవాళ్లు కేంద్రానికి వచ్చి, నీడవలల కింద వరసలు తీరిన సంచుల్లో ఎర్రటి లేతాకులు విప్పుతున్న తంబ మొక్కలను చూసి, ఇందుమతి చెయ్యి పట్టుకుని అభినందించారు. జాతి బతికిందన్నారు. పత్రికలో ఫోటో వేశారు. పెంచలయ్యకు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. ఆయన కావాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఎండిన చెట్లను కొట్టించి ఇటుకబట్టీకి తోలించాడు. ఇందుమతి రెండుసార్లు ఇంటికి వెళ్లింది. రెండుసార్లూ సుబ్బరత్న కాఫీ ఇచ్చింది, పెంచలయ్య పెరట్లోనే ఉండిపోయాడు.

వినాయక చవితి అయిన వారానికి ఇందుమతి నర్సరీ చూడడానికి వెళ్లింది. మొక్కల పనికి మేస్త్రీ కొత్తగా నలుగురు కూలీలను పెట్టాడని ఫర్హానా చెప్పింది. వాళ్లెవరో ఫర్హానా కూడా అడగలేదు. చివరి వరసలో తలకు తువ్వాలు చుట్టుకుని, వంగి, ఒక్కొక్క సంచిలో గుక్కెడు గుక్కెడుగా నీళ్లు పోస్తున్న మనిషి వీపును ఇందుమతి దూరం నుంచే గుర్తుపట్టింది.

“అన్నా! నువ్వేంది ఈడ?”

పెంచలయ్య నిలబడ్డాడు. తలమీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. “మేస్త్రీ మనుషులు కావాలన్యాడు. ఇంటికాడ పొద్దు పోల్యా. ముప్పై ఏండ్లు చెట్లకు నీళ్లు పోసిన చెయ్యి, ఊరికే ఉండమంటే ఉండదు.”

“ఎండలో నీకెందుకన్నా ఈ పని! లోపలికి రా. కూర్చుందాం రా.”

“ఈ సాలు అయిపోనీండి మేడమ్,” అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తక్కిన కూలీలు ఎలా అంటారో అలాగే అన్నాడు. కోపం ఉన్నా బాగుండేదని ఇందుమతికి అనిపించింది. ఆమె తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని చాలాసేపు ఏడ్చింది. బయటికి వచ్చేసరికి ఆయన ఆ సాలు ముగించి రెండో సాలులో ఉన్నాడు.

పెంచలయ్య మిగిలిన వానాకాలమంతా పనిలోకి వచ్చాడు. ఆ ఏడు నర్సరీలో ఒక్క తంబ మొక్క కూడా చావలేదు.